అంబాసిడర్‌కు స్పోర్ట్స్ కారు చుట్టరికం: హైదరాబాద్‌లో పాత కార్ల మార్పుల వెనుక లెక్క

1955లో బ్రిటన్‌లో విడుదలైన ఎంజీఏ అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారులో ఉన్నది 1489 సీసీ ఇంజిన్. హైదరాబాద్ రోడ్ల మీద దశాబ్దాల పాటు ట్యాక్సీగా, ప్రభుత్వ వాహనంగా, పెళ్లికొడుకు కారుగా తిరిగిన అంబాసిడర్‌లో 1950ల చివరి నుంచి ఉన్నదీ 1489 సీసీ ఇంజినే. రెండూ బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ తయారుచేసిన బి-సిరీస్ కుటుంబానికి చెందినవి. ఎంజీఏ ఇంజిన్ 72 హార్స్‌పవర్ దాకా ఇచ్చేది, అంబాసిడర్‌ది సుమారు 50 దగ్గర ఆగేది. పెట్రోలును గాలితో కలిపి ఇంజిన్‌కు పంపే కార్బురేటర్లు ఒకటికి బదులు రెండు, ఆ మిశ్రమాన్ని మరింత నొక్కే ఎక్కువ కంప్రెషన్, వాల్వులను తెరిచే కామ్‌షాఫ్ట్ మరికాస్త చురుకైనది, సిలిండర్ల మీది మూత అయిన హెడ్ గాలి తేలిగ్గా పోయేది కలిసి ఆ తేడాను తెచ్చాయి. ఇవన్నీ పానాతో విప్పి బిగించగలిగినవి, లేదంటే లేత్ షాపులో చేయించుకోగలిగినవి. పాత కారును మార్చి వేగంగా నడుపుకునే అభిరుచి హైదరాబాద్ లాంటి నగరంలో ఎలా బతికిందో తెలియాలంటే ఈ చుట్టరికం దగ్గర మొదలుపెట్టడమే మేలు.

ఈ అభిరుచికి పుట్టిల్లయిన దేశాల్లో దాని పునాది కార్ల సంఖ్యలో ఉంది. ఎంజీఏ తరువాత 1962లో వచ్చిన ఎంజీబీ 1980 దాకా తయారై ఐదు లక్షలకు పైగా అమ్ముడుపోయింది. ఇంత పెద్ద సంఖ్యలో ఉన్న కారును పాడుచేస్తున్నావని ఎవరూ ఎవరినీ తప్పుపట్టలేరు. ఒకటి పోతే మరొకటి దొరుకుతుంది, విడిభాగాలు కుప్పలుగా ఉంటాయి, ప్రయోగాలు చేసేవారి అనుభవం ఒకరి నుంచి ఒకరికి చేరుతుంది. 1970 ప్రాంతంలో కెన్ కాస్టెల్లో అనే బ్రిటిష్ రేసర్ ఎంజీబీలో రోవర్ కంపెనీ వి8 ఇంజిన్‌ను అమర్చి అమ్మడం మొదలుపెట్టాడు. అల్యూమినియంతో చేసిన ఆ ఎనిమిది సిలిండర్ల ఇంజిన్ బరువు, ఇనుముతో పోతపోసిన నాలుగు సిలిండర్ల పాత ఇంజిన్ బరువుతో దాదాపు సమానం కావడం వల్ల కారు ముందుభాగం కుంగలేదు, స్టీరింగ్ బరువెక్కలేదు. కంపెనీ ఆ పనిని గమనించి 1973లో తానే ఎంజీబీ జీటీ వి8ను విడుదల చేసి, మూడేళ్లలో 2,591 కార్లు తయారుచేసింది. ఒక గ్యారేజీలో జరిగిన మార్పు కంపెనీ మోడల్ అయిన ఉదాహరణ ఇది. మంచి మార్పు అంటే ఏమిటో కూడా ఇది చెబుతుంది: బలం పెరిగినా తూకం చెడలేదు.

పోర్షే 911 కథ మరో రకం. 1963లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో తొలిసారి కనిపించిన ఆ కారు, గాలితో చల్లబడే ఇంజిన్‌ను 1998 దాకా వదలలేదు. మూల నిర్మాణం ఇన్నేళ్లు మారకుండా సాగడంతో 1970ల నాటి బాడీలోకి 1980ల ఇంజిన్ దిగుతుంది, 1990 నాటి కారుకు పాత రూపం తొడగవచ్చు. అమెరికాలో సింగర్ అనే సంస్థ 1989-94 నాటి 911లను విప్పి, పాత ఆకారంలో, కొత్త సామగ్రితో తిరిగి కట్టి, అసలు కారు ధరకు ఎన్నో రెట్లు తీసుకుని యజమానులకు అందిస్తోంది. పాత కారును బాగుచేస్తూనే మార్చడాన్ని చెప్పే ‘రెస్టోమాడ్’ అనే మాట వాడుకలోకి బాగా వచ్చింది ఇలాంటి పనుల వల్లనే. ఫొటోల్లో ఈ కార్లను చూసి మన దగ్గర చాలామందికి ఆశ పుడుతుంది. ఆ ఆశ హైదరాబాద్‌లో ఏ రూపం తీసుకుంటుందన్నదే అసలు విషయం.

ఎందుకంటే ఇక్కడ పాత స్పోర్ట్స్ కారనేదే అరుదు. స్వాతంత్ర్యం తరువాత దిగుమతులు దాదాపు మూతబడిన దశాబ్దాల్లో దేశంలో దొరికినవి మూడే ముఖ్యమైన కార్లు: అంబాసిడర్, ఫియట్, స్టాండర్డ్ హెరాల్డ్. ఆ తరువాత కూడా చాలాకాలం మూడేళ్లు దాటిన వాడిన కారును దిగుమతి చేసుకోవడానికి సాధారణంగా వీలు ఉండేది కాదు. కాబట్టి 1970ల నాటి పోర్షేనో డాట్సన్‌నో జపాన్ నుంచో జర్మనీ నుంచో తెప్పించి గ్యారేజీలో పెట్టుకోవడం డబ్బున్నంత మాత్రాన జరిగే పనిగా ఉండేది కాదు. ఆ రోజుల్లో దేశంలో తయారైన స్పోర్ట్స్ కారని చెప్పుకోదగ్గది 1990ల చివర గోవాలో ఫైబర్ బాడీతో తయారైన సాన్ స్టార్మ్, అదీ కొద్ది సంఖ్యలోనే. అందువల్ల ఇక్కడి అభిమానులు స్పోర్ట్స్ కారును కొనలేదు, కుటుంబాల కారులోంచి దాన్ని తీశారు. మద్రాసు దగ్గర షోలవరంలో, రెండో ప్రపంచయుద్ధ కాలపు విమానాల రన్‌వే మీద జరిగిన రేసుల్లో పరుగెత్తినవాటిలో ఇంట్లో వాడే ఫియట్లు, హెరాల్డ్‌లు ఎక్కువే. హెరాల్డ్‌కు కూడా ఒక గొప్ప బంధువు ఉన్నాడు: 1962లో వచ్చిన ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారును హెరాల్డ్ చాసిస్‌ను, అంటే అడుగు చట్రాన్ని, కురచ చేసే కట్టారు.

అంబాసిడర్‌ను తయారుచేసిన హిందుస్థాన్ మోటార్స్ 1984లో తెచ్చిన కాంటెస్సా ఈ కథలో మరో మెట్టు. ఆకారం బ్రిటన్‌కు చెందిన వాక్స్‌హాల్ విక్టర్‌ది. పొడవాటి బానెట్, వెడల్పయిన ముఖంతో చూడటానికి అమెరికన్ కండల కారులా ఉండేది. బానెట్ కింద మాత్రం అదే 1489 సీసీ బి-సిరీస్ ఇంజిన్. చూపుకూ నడకకూ పొంతన లేని ఆ కారుకు కంపెనీ తరువాత జపాన్ ఇసుజు సంస్థ 1817 సీసీ ఇంజిన్‌ను, ఐదు గేర్ల బాక్సును అమర్చింది. 1990ల ఆరంభంలో ఆ ఇంజిన్ అంబాసిడర్‌లోకీ వచ్చింది. అంటే పాత శరీరంలో కొత్త గుండెను పెట్టే పనిని మన దేశంలో కంపెనీయే చేసి చూపించింది. మౌంటింగులు ఎక్కడ పెట్టాలో, రేడియేటర్‌కు ఎంత జాగా కావాలో ఊహించుకోవలసిన అవసరం మెకానిక్‌లకు లేకుండా పోయింది. పాత అంబాసిడర్‌లో ఇసుజు ఇంజిన్ పెట్టించుకోవడం విచిత్రంగా కాక మామూలు పనిగా కనిపించడానికి కారణం ఇదే. పొడవైన ఆ బానెట్ కింద టయోటా వారి మూడు లీటర్ల ఆరు సిలిండర్ల 2జేజెడ్ ఇంజిన్‌ను దింపాలన్న కల దేశమంతటా కాంటెస్సా యజమానులకు ఉంది. ఆ ఇంజిన్‌తో పాటు గేర్‌బాక్స్, డిఫరెన్షియల్, బ్రేకులు కూడా మార్చాల్సి వస్తుందని, చివరికి కాంటెస్సాలో మిగిలేది రేకు మాత్రమేనని తెలిసేసరికి ఖర్చు చేయి దాటి ఉంటుంది.

హైదరాబాద్‌లో ఈ సంస్కృతి మరమ్మతు లోంచి పుట్టింది. ఫియట్‌కు సరైన పిస్టన్ దొరకనప్పుడు మరో కారు పిస్టన్‌ను లేత్ మీద తగ్గించి వేయడం, బ్రేక్ సిలిండర్ అరిగితే స్లీవ్ వేయించడం, పోయిన రబ్బరు బుష్‌కు బదులు నైలాన్‌ది తిప్పించడం ఇక్కడి గ్యారేజీలకు రోజువారీ పని. సికింద్రాబాద్ రాణీగంజ్‌లో బేరింగులు, సీళ్లు, బోల్టులు అమ్మే దుకాణదారులు కారు పేరు అడగరు, కొలత అడుగుతారు. గురువారం నాడు పురానాపూల్ ప్రాంతంలో సాగే జుమ్మేరాత్ బజార్‌లో పాత పనిముట్లు, ఏ బండివో తెలియని మీటర్లు నేల మీద పరిచి ఉంటాయి. అక్కడ వెతికేవాడికి ఓపిక కంటే ముందు కళ్లు కావాలి. పాతబస్తీ గ్యారేజీల్లో ‘ఉస్తాద్’ అని పిలిపించుకునే పెద్ద మెకానిక్ దృష్టిలో మరమ్మతుకూ మార్పుకూ మధ్య గీత ఉండదు. పోయినదాని స్థానంలో ఇంకాస్త మెరుగైనది పెట్టడమే అతనికి తెలిసిన పని.

ఆ పనిలో ఒక్కదాన్ని దగ్గరగా చూడటం అవసరం. ఎంజీ తరహాలో ఎస్‌యూ కంపెనీ కార్బురేటర్లు రెండు బిగించిన బి-సిరీస్ ఇంజిన్‌ను సరిచేయాలంటే ముందు రెండూ సమానంగా గాలి పీలుస్తున్నాయో లేదో తెలుసుకోవాలి. ఉస్తాద్ ఒక సన్నటి రబ్బరు గొట్టం తీసుకుని ఒక కొస చెవి దగ్గర, మరో కొస కార్బురేటర్ నోటి దగ్గర పెడతాడు. బుసలాంటి శబ్దం రెండింటిలోనూ ఒకే స్థాయిలో వినిపించేదాకా థ్రాటిల్ స్క్రూలను పావు వంతు, అర వంతు తిప్పుతాడు. తరువాత కార్బురేటర్ పక్కనున్న చిన్న పిన్నును పైకి నొక్కి లోపలి పిస్టన్‌ను వెంట్రుకవాసి లేపుతాడు. ఇంజిన్ వేగం పెరిగి అలాగే నిలబడితే పెట్రోలు ఎక్కువ పోతున్నట్టు, వెంటనే పడిపోతే తక్కువైనట్టు, క్షణం పెరిగి మళ్లీ కుదురుకుంటే సరిగ్గా ఉన్నట్టు. కారును కాస్త దూరం నడిపి ప్లగ్గు విప్పి చూస్తే కొన ఇటుక రంగుకు తిరిగి ఉండాలి. మసి పట్టినా, సున్నంలా తెల్లబడినా పని మళ్లీ మొదటికి వస్తుంది. మే నెలలో నలభై డిగ్రీలు దాటిన మధ్యాహ్నం ఈ లెక్కంతా తారుమారవుతుంది. ఇంజిన్ వేడికి పెట్రోలు పంపులోనే ఆవిరై కారు నడిరోడ్డు మీద ఆగిపోయినప్పుడు పంపు మీద తడిగుడ్డ వేసి కూర్చోవడం ఒక తరం డ్రైవర్లందరికీ తెలిసిన చిట్కా. దానికి శాశ్వత పరిష్కారంగా ట్యాంకు దగ్గర ఎలక్ట్రిక్ పంపు, రేడియేటర్‌కు ఎలక్ట్రిక్ ఫ్యాను పెట్టించుకోవడం మార్పుల జాబితాలో అన్నిటికంటే ముందు చేరింది. వేగం కోసం చేసిన మార్పులు కావు ఇవి, ఎండ కోసం చేసినవి.

పాత కార్ల అభిమానుల్లో రెండు వర్గాలున్నాయి. కంపెనీ నుంచి ఎలా వచ్చిందో అలాగే, రంగుతో, సీటు గుడ్డతో, ఇంజిన్ నంబరుతో సహా ఉండాలనేది మొదటి వర్గం. చౌమహల్లా ప్యాలెస్‌లో నిలబెట్టిన నిజాం నాటి పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ వారికి ఆదర్శం. కారు నడవడానికి పుట్టింది, నడిపేవాడి కాలానికి తగ్గట్టు మారాలి అనేది రెండో వర్గం. మొదటి వర్గం వాదన బలమైనదే. నూటికో కోటికో మిగిలిన కారును కోసేస్తే మళ్లీ రాదు, అంత అరుదైన కారు మీద గ్రైండర్ పెట్టడం క్షమించలేని పని. కానీ లక్షల్లో తయారైన పద్మినికీ (ఫియట్‌కే తరువాతి పేరు), మారుతి 800కూ, జెన్‌కూ ఆ నియమం వర్తింపజేయడంలో అర్థం లేదు.

అంతకంటే ముఖ్యమైన విషయం ఇంకొకటి ఉంది. ఏమీ మార్చకుండా ఉంచాలన్నా ఇప్పుడు కొంత మార్చక తప్పదు. 2000 ఫిబ్రవరి నుంచి దేశంలో సీసం కలిపిన పెట్రోలు ఆగిపోయింది. పాత ఇనుప హెడ్లలో ఆ సీసమే వాల్వుకూ దాని సీటుకూ మధ్య పూతలా పనిచేసేది. అది లేకపోతే, వేగంగా నడిపేకొద్దీ సీటు అరిగి వాల్వు లోపలికి కుంగిపోతుంది. అందుకే బి-సిరీస్ హెడ్ విప్పినప్పుడల్లా గట్టి లోహపు సీటు రింగులు దింపించడం ఆనవాయితీ అయింది. 2023 నుంచి దశలవారీగా వచ్చిన 20 శాతం ఇథనాల్ పెట్రోలు మరో చిక్కు తెచ్చింది. ఇథనాల్‌లో లీటరుకు శక్తి పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ, పైగా దానిలో ఆక్సిజన్ ఉంటుంది. కార్బురేటర్‌లో పెట్రోలు వెళ్లే సన్న రంధ్రమైన జెట్టు పాతదే ఉంచి నడిపితే మిశ్రమం పలచబడి ఇంజిన్ వేడెక్కుతుంది. అది తేమను పీల్చుకుంటుంది కాబట్టి నెలల తరబడి కదలని కారు ట్యాంకు అడుగున తుప్పు పడుతుంది. పాతకాలపు రబ్బరు పైపులు, పంపు డయాఫ్రమ్‌లు ఉబ్బి పగుళ్లిస్తాయి. కొత్త రకం రబ్బరు పైపులు, పెద్ద జెట్లు వేయించని ‘ఒరిజినల్’ కారు మంట పట్టే ప్రమాదాన్ని మోస్తూ తిరుగుతున్నట్టే. కాబట్టి తగవు మార్చడమా మానడమా అన్నది కాదు. ఏ మార్పును వెనక్కి తీయవచ్చు, దేన్ని తీయలేము అన్నది అసలు ప్రశ్న. బోల్టుతో బిగించినది తీయవచ్చు, చాసిస్‌ను కోసి వెల్డింగ్ చేసినది తీయలేము. తెలిసిన యజమానులు విప్పిన ప్రతి భాగాన్నీ చీటీ కట్టి దాచేది అందుకే.

ఈ అభిరుచిలో అన్నిటికంటే ఎక్కువ నిర్లక్ష్యానికి గురైనది బ్రేకు. చలనశక్తి వేగానికి వర్గానుపాతంలో పెరుగుతుంది. గంటకు 60 కి.మీ. వేగంలో ఉన్న కారును ఆపడానికి కావలసిన దానికి నాలుగు రెట్ల శక్తిని 120 దగ్గర బ్రేకులు వేడిగా మార్చి వదలాలి. నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులున్న పాత కారులో ఇంజిన్‌ను మాత్రం మార్చితే ఆ వేడి పోయే దారి ఉండదు, రెండు మూడు సార్లు గట్టిగా నొక్కాక పెడల్ పనిచేసినట్టే ఉంటుంది కానీ కారు ఆగదు. డిస్కులు వేయిస్తే సరిపోతుందనుకోవడమూ పొరపాటే. డ్రమ్ము తన తిరుగుడు వల్ల తానే కొంత బిగుసుకుంటుంది, డిస్కు బిగుసుకోదు; అందుకని మాస్టర్ సిలిండర్ కొలత, బూస్టర్, ముందు వెనుక చక్రాల మధ్య ఒత్తిడి పంపకం అన్నీ కలిపి లెక్కగట్టాలి. వెనుక చక్రాలు ముందుగా పట్టేస్తే తడి రోడ్డు మీద కారు బొంగరమవుతుంది. పైపు ఒకటి పగిలితే బ్రేకులన్నీ పోయే ఒకే సర్క్యూట్ సిలిండర్ ఉన్న కారుకు రెండు సర్క్యూట్లది వేయించడం ఏ కామ్‌షాఫ్ట్ కంటేనైనా ముందు చేయించవలసిన పని. అయినా ప్రదర్శనల్లో జనం బానెట్ ఎత్తి చూస్తారే గాని చక్రం వెనుకకు తొంగి చూడరు.

నగరంలో ఈ కార్లు నడిచే చోటు కూడా మార్పుల దిశను నిర్ణయిస్తుంది. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఇ అనే ఎలక్ట్రిక్ కార్ల రేసు జరిగింది. కానీ సొంత కారును దేశంలోని పాత రేస్ ట్రాక్ మీద పరీక్షించుకోవాలనుకునేవాడు చెన్నై దగ్గరి ఇరుంగట్టుకోట్టైకో కోయంబత్తూరుకో వందల కి.మీ. వెళ్లాలి. మిగిలింది 158 కి.మీ. ఔటర్ రింగు రోడ్డు, ఆదివారం తెల్లవారుజాము. అక్కడి 120 పరిమితిని అందుకోవడమే బి-సిరీస్ అంబాసిడర్‌కు గగనం కాబట్టి, చాలామందికి కావలసింది గరిష్ఠ వేగం కాదు, 90 దగ్గర అలుపు లేకుండా సాగే ఐదో గేరు. శబ్దం కోసం సైలెన్సర్ కోయించేవారి సంగతి వేరే. వారిది కారు మీద ప్రేమ అనడం కష్టం, ఊరంతటికీ చెడ్డపేరు తెచ్చేది వారే.

చట్టం ఈ తేడాలేవీ చూడదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు మారేలా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు దీన్నే గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని ఆరు నెలల దాకా జైలు గాని రెండూ గాని పడవచ్చు. మరోవైపు 2021 జులైలో వచ్చిన వింటేజ్ నిబంధనలు 50 ఏళ్లు దాటిన వాహనాలకు ప్రత్యేక రిజిస్ట్రేషన్ ఇచ్చాయి. 20,000 రూపాయల రుసుముతో పదేళ్ల గడువు, నంబరు ప్లేటు మీద ‘వీఏ’ అక్షరాలు. అయితే చాసిస్, బాడీ, ఇంజిన్‌లలో చెప్పుకోదగ్గ మార్పు జరగని కారుకే ఆ గౌరవం. అది దక్కాక కూడా రోజువారీగా నడపకూడదు. ఫలితంగా డిస్కు బ్రేకులు, ఇసుజు ఇంజిన్ ఉన్న 1965 నాటి అంబాసిడర్ వింటేజ్ కాదు, పత్రాల ప్రకారం మామూలు కారూ కాదు. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ అడిగే మొదటి ప్రశ్న ముందుగా చెప్పని మార్పుల గురించే.

ఇతర దేశాలు మధ్యేమార్గం ఉందని చూపించాయి. బ్రిటన్‌లో ఎన్నో ఏళ్లు అమలైన పాయింట్ల పద్ధతిలో పాత గుర్తింపు నిలుపుకోవడానికి ఎనిమిది పాయింట్లు కావలసి వచ్చేది. అసలు చాసిస్‌కు ఐదు, సస్పెన్షన్, ఇరుసులు, గేర్‌బాక్స్, స్టీరింగ్‌లకు రెండేసి, ఇంజిన్‌కు ఒక్కటే. కారు ఆత్మ ఇంజిన్‌లో కాదు, ఎముకల్లో ఉందని ఆ లెక్క. జర్మనీలో 30 ఏళ్లు దాటిన కార్లకు 1997 నుంచి ఇస్తున్న ‘హెచ్’ ప్లేటుకు ఆ కారు కాలంలో జరిగిన తరహా మార్పులు అడ్డురావు. చేసిన ప్రతి మార్పునూ నిపుణుడు పరీక్షించి పత్రంలో రాస్తాడు. ఆర్‌టీఏ కార్యాలయాల్లో అలా పరీక్షించి రాసే ఏర్పాటు ఉంటే, జాగ్రత్తగా బ్రేకులు మార్పించుకున్నవాడినీ సైలెన్సర్ కోయించినవాడినీ ఒకే గాటన కట్టవలసిన అవసరం ఉండదు.

ఇవన్నీ ఉన్నా పని తెలిసిన చేతులు తగ్గిపోతున్నాయి. కాలుష్య నియమాలు బిగిసిన 2000 తరువాత కొత్త కార్లలో కార్బురేటర్ కనుమరుగైంది. ఆ తరువాత గ్యారేజీలో చేరిన కుర్రవాళ్లు కారులోని కంప్యూటర్ చెప్పే లోపాలను చదివే స్కానర్ పట్టుకోవడం నేర్చుకున్నారు, వారి బతుకుతెరువుకు అదే సరైనది కూడా. రబ్బరు గొట్టం చెవిలో పెట్టుకుని రెండు కార్బురేటర్లను ఒక శ్రుతిలోకి తేగల ఉస్తాద్‌లకు వయసు మీద పడింది, వారి దగ్గర కూర్చుని నేర్చుకునేందుకు సమయం ఉన్నవారు అరుదు. పాత ఇంజిన్‌కు కార్బురేటర్ తీసేసి, విడిగా దొరికే కంప్యూటర్‌తో ఫ్యూయెల్ ఇంజెక్షన్ పెట్టించుకోవాలని కొందరు యజమానులు ఆలోచించడానికి వేగం ప్రధాన కారణం కాదు. ఇథనాల్ శాతం మారినా, ఎండ ముదిరినా మిశ్రమాన్ని దానంతట అదే సరిచూసుకుంటుందనీ, రేపు ట్యూనింగ్‌కు మనిషి దొరక్కపోయినా కారు కదులుతుందనీ వారి ధీమా.